ఒడ్డు కరెంటు

మాదాపూర్,
జూలై ఆఖరు

మమతక్కకు,

ఫోన్లో నేను అరుస్తానని, అరిస్తే నువ్వు పెట్టేస్తావని, ఇకమీదట ఏమున్నా కాగితం మీద రాయమన్నావు. "నీ కోపం పోస్టు డబ్బాల పడి, రైలెక్కి, సముద్రం దాకా వచ్చేసరికి జర చల్లబడతది" అన్నావు. రాస్తున్నాను. చల్లబడుతుందని మాత్రం మాట ఇవ్వను.

ముందు మంచి కబురు. నేను కరెంటు పని చేసే టవర్ కింది హాల్లో, సెక్యూరిటీ గేటు దాటగానే, గోడంత స్క్రీన్ పెట్టారు. పై అంతస్తుల్లో ఉన్న కంపెనీ వాళ్ళది. మీ రేవు కరెంటు లెక్కలన్నీ వాళ్ళే చూస్తారట, ఇక్కడ మాదాపూర్‌లో కూర్చుని. ఆ స్క్రీన్ మీద నీలంగా సముద్రం, వెనక ఓడ, దాని ముందు హెల్మెట్ పెట్టుకుని, తొడంత లావు కేబుల్ రెండు చేతులా ఎత్తిపట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి. నువ్వే అక్కా. కింద పెద్ద అక్షరాలతో, "హరిత రేవు. మా రేవులో ఆగిన ప్రతి ఓడా ఒడ్డు కరెంటు మీదే."

గేటు దగ్గరి ఆకాష్‌ను లాక్కొచ్చి చూపించాను. "మీ అక్కనా? నీకు గిట్ల నవ్వుడు రాదు గదరా" అన్నాడు. హౌస్‌కీపింగ్ కిష్టమ్మకూ చూపించాను. ఆమె స్క్రీన్ తుడిచేటప్పుడు నీ మొహం మాత్రం రెండుసార్లు తుడుస్తుంది.

అసలు సంగతి వాళ్ళకు నేనే విడమర్చి చెప్పాను. ఓడ ఒడ్డున ఆగినా దాని లోపల లైట్లు వెలగాలి, పంపులు తిరగాలి, వంట కావాలి. అందుకని ఆగినంతసేపూ ఓడలోని డీజిల్ జనరేటర్లు పొగ కక్కుతూనే ఉంటాయి. ఒడ్డు నుంచి కేబుల్ ఇస్తే వాటిని ఆపేయొచ్చు. ఆ కేబుల్ ఇచ్చేది మా అక్క. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న పుస్తకంలో ఇదంతా చదివాను. దాని పేరు చెప్తే నవ్వుతావు కాబట్టి చెప్పను.

ఇక్కడి సంగతి రాస్తే మళ్ళీ కోపమే. పైన సగం అంతస్తుల్లో మనుషులు లేరు, ఇళ్ళ నుంచే పని. అయినా ఏసీ ఆగదు. ఉన్న నలుగురూ శాలువాలు కప్పుకుని కూర్చుంటారు. డాబా మీద సోలార్ పలకలున్నాయి. మధ్యాహ్నమంతా వాటి మీద కంపెనీ పేరు బోర్డు నీడ. ఎండను ఆపి పేరు వెలిగించుకున్నారు. మా మేనేజరు సుబ్బరాయుడు గారికి చెప్తే, "మీరన్నది నిజమేనండి, ఫైల్లో పెడదాం" అన్నాడు. ఆ ఫైలు డాబా కన్నా ఎత్తు పెరిగి ఉంటుంది.

ఒక్కటి చెప్పు. ఓడకు ప్లగ్గు పెట్టినప్పుడు ఎట్లుంటుంది? అంత పెద్ద ఓడ నీ చేతి కరెంటు తాగుతుంటే నీకేమనిపిస్తుంది? నాన్న ఫ్యాన్లు బాగుచేసుకుంటూ రోజూ అడుగుతున్నాడు.

నీ తమ్ముడు
రాజేందర్

---

రేవు కాలనీ,
ఆగస్టు మొదటివారం

రాజూ,

నీ ఉత్తరం బావ చదివి, "మీ తమ్ముడు ఉత్తరం రాశాడా, కరపత్రం రాశాడా?" అన్నాడు. బాగానే రాశావు. తిట్లు తక్కువున్నాయి.

ఇక్కడ వానలు. బట్టలు ఆరవు. ఆరినా కిటికీ దగ్గర వేస్తే మసి పడుతుంది. బుజ్జి కిటికీ గట్టు మీద వేలితో తన పేరు రాయడం నేర్చుకుంది. పలక కొనే పని తప్పింది. దాని దగ్గు కొంచెం తగ్గింది. దవాఖానలో మందు మార్చారు.

మా యార్డులో కొత్త క్రేను వచ్చింది. బరువు ఎత్తేటప్పుడు కరెంటు తాగుతుంది, దించేటప్పుడు తిరిగి ఇస్తుంది. దిగుతున్న పెట్టె బరువే దాని మోటారును తిప్పి కరెంటు పుట్టిస్తుందన్నమాట. నాన్నకు చెప్పు, సంతోషిస్తాడు. గోదాం కప్పుల మీద సోలార్ పలకలు కూడా వేశారు. బొగ్గు దుమ్ము పడి నల్లగా ఉంటాయి. కడగడానికి మనిషిని ఇంకా పెట్టలేదు.

మా జట్టు పెద్ద పుణ్యవతమ్మ గారు నిన్ను అడిగానని రాయమన్నారు. ఆమె నాతో, "మీ తమ్ముడికి పెళ్ళి చేసేయండి, చల్లబడతాడు" అన్నారు. నేనూ ఆమెతో అండీ అండీ అంటూ మాట్లాడుతున్నా. మొన్న బావను కూడా అండీ అన్నాను. భయపడ్డాడు.

వేళకు తిను. నాన్న సోల్డరింగ్ చేసేటప్పుడు పక్కన ఉండు.

అక్క

---

మాదాపూర్,
ఆగస్టు

అక్కా,

వానలు, బుజ్జి దగ్గు, క్రేను, పుణ్యవతమ్మ, నా పెళ్ళి. అన్నీ రాశావు. నేను అడిగింది ఒక్కటే, అదొక్కటే రాయలేదు. ఓడకు ప్లగ్గు పెడితే ఎట్లుంటుంది?

ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ కిటికీ గట్టు దగ్గర ఆగాను. ప్రతి ఓడా ఒడ్డు కరెంటు మీదే ఉంటే, ఓడల జనరేటర్లన్నీ ఆగిపోయి ఉంటే, బుజ్జి తన పేరు ఏ మసిలో రాస్తోంది? వానాకాలంలో బొగ్గు దుమ్ము లేవదు. మరి ఆ మసి ఎక్కడిది?

నాన్నకు చదివి వినిపించాను. ఆయన స్టూలు మీద ఫ్యాను పెట్టుకుని, ఉన్న చేత్తో బోల్టు తిప్పుతూ, "నీ అక్క ఏదో మింగుతుందిరా" అన్నాడు. అంతే. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడడు, నీకు తెలుసు.

నాకు నిజం రాయి. నేను చిన్నపిల్లాణ్ణి కాదు.

రాజేందర్

---

రేవు కాలనీ,
సెప్టెంబరు

రాజూ,

నిజం రాస్తాను. చదివి, ఈ కాగితం మడిచి, నీ దగ్గరే పెట్టుకుంటానని నాన్న మీద ఒట్టు వేసుకున్నాకే ముందుకు చదువు.

ఒడ్డు కరెంటు పెట్టె కట్టి, రిబ్బను కత్తిరించి, నన్ను, పుణ్యవతమ్మను, ఇంకో ఇద్దరిని పెట్టి రెండేళ్ళయింది. శిక్షణ ఇచ్చారు, పరీక్ష పెట్టారు, లైసెన్సు ఇచ్చారు. నేను ఇంతవరకూ ఒక్క ఓడకు కూడా ప్లగ్గు పెట్టలేదు.

ఓడలవాళ్ళు వద్దంటారు. కేబుల్ తగిలించడానికి టైము పడుతుందంటారు, మీ కరెంటు కన్నా మా డీజిలే చవక అంటారు. పెట్టి తీరాలని రేవువాళ్ళు అడగరు. అడిగితే ఓడ పక్క రేవుకు పోతుందని భయం. మేము రోజూ వెళ్ళి, పెట్టె తెరిచి, కరెంటు వస్తోందో లేదో చూసి, తుడిచి, మూసి వస్తాం. అది మా ఉద్యోగం. ఓడలు మా ముందే పొగ వదులుతుంటాయి.

నువ్వు చూసిన ఫోటోలో నా చేతిలో కేబుల్ ఉంది. దాని రెండో కొన దేనికీ లేదు. వెనక ఉన్న ఓడకు అసలు సాకెట్టే లేదు. ఫోటో తీసినాయన నవ్వమన్నాడు, నవ్వాను. ఇక్కడ ఆడవాళ్ళను ఎలక్ట్రికల్ పనిలోకి తీసుకోవడం మాతోనే మొదలు. అందుకే నవ్వాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. కానీ విను. ఇది బయటపడితే వాళ్ళు ఓడలకు ప్లగ్గు పెట్టించరు, మమ్మల్ని తీసేసి పెట్టెకు శాశ్వతంగా మూత వేస్తారు. నాకు జీతం ఒక్కటే కాదు రాజూ. ఒక్క ఓడకైనా నా చేతులతో కరెంటు ఇచ్చి చూడాలి. నేర్చుకున్న పని చెయ్యకుండా చేతులు ఊరికే ఉంచుకోవడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. నాన్నకు తెలుసు.

నోరు మూసుకుని ఉండు. నా కోసం.

అక్క

---

మాదాపూర్,
సెప్టెంబరు

అక్కా,

ఒట్టు వేశాను కాబట్టి నోరు మూసుకునే ఉన్నాను. చెయ్యి మాత్రం రాయకుండా ఉండలేకపోతోంది.

పొద్దున పనిలోకి రాగానే నువ్వు. మధ్యాహ్నం డబ్బా తిని వస్తుంటే నువ్వు. నీ నవ్వు కింద "ప్రతి ఓడా". అమ్మాయిలు అబ్బాయిలు ఆ స్క్రీన్ ముందు నిలబడి సెల్ఫీలు తీసుకుంటారు. అది నీ చేతులకు చేసిన అవమానం. రెండేళ్ళుగా పని ఇవ్వకుండా, ఆ పని నువ్వు చేసినట్టు చూపించడం. దొంగ తన జేబులో నీ ఫోటో పెట్టుకుని తిరిగినట్టుంది నాకు.

అసలు లెక్క ఎట్లా వస్తోందో తెలుసుకోవాలనిపించింది. పై కంపెనీలో ప్రియదర్శిని అని ఒక అమ్మాయి ఉంది. తన సీటు పైన ఏసీ తగ్గించమని రోజూ నన్ను పిలుస్తుంది. మూత విప్పుతూ మామూలుగా అడిగాను, నీ పేరు ఎత్తలేదు. "మేడం, కింద స్క్రీన్ మీద ఓడల లెక్క ఎట్ల వస్తది?"

"సాకెట్‌లో కరెంటు ఉందా లేదా అని సిగ్నల్ వస్తుంది. ఉంటే ఆ టైములో ఆగిన ఓడలన్నీ గ్రీన్ కింద పడతాయి."

"ఓడ అది వాడిందా లేదా?"

ఆమె పక్క సీట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. "నేనూ అదే అడిగాను. డెఫినిషన్ అంతే అన్నారు."

డెఫినిషన్ అంట అక్కా. మన గల్లీలో నల్లా వస్తుంటే బస్తీ అంతా స్నానం చేసినట్టే లెక్క. అన్నం వండితే ఊరంతా తిన్నట్టే. మీరు రోజూ పొద్దున వెళ్ళి సాకెట్‌లో కరెంటు ఉందో లేదో చూస్తారు చూడు, ఆ చూడటమే వాళ్ళకు కావలసింది. మిమ్మల్ని పెట్టుకున్నది ఓడల కోసం కాదు. ఆ సిగ్నల్ ఆరకుండా కాపలాకి.

ఇది రాయకూడదేమో. రాసేశాను. కొట్టెయ్యను.

రాజేందర్

---

రేవు కాలనీ,
దసరా మరునాడు

రాజూ,

నీ కిందటి ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు. తర్వాత పుణ్యవతమ్మకు చెప్పాను. ఆమె పెట్టె మూత వేసి, "మీ తమ్ముడికి పెళ్ళి వద్దులెండి" అన్నారు.

పండుగ సంగతి రాస్తాను. ఇక్కడ తంగేడు దొరకదు. ఉన్న పూలతోనే చిన్న బతుకమ్మ పేర్చాను. బుజ్జి దాన్ని సముద్రంలో వదిలితే అల మళ్ళీ తెచ్చి దాని కాళ్ళ దగ్గరే పెట్టింది. మూడుసార్లు వదిలింది, మూడుసార్లూ తెచ్చింది.

నిన్న ఆయుధ పూజ. రేవంతా క్రేన్లకు మామిడాకులు, అరటి పిలకలు. మేము మా కేబుల్ చుట్టను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశాం. ప్లగ్గు మూతి మీద పెద్ద బొట్టు నేనే పెట్టాను. గుమ్మడికాయ కొట్టాక సాకెట్ల స్విచ్చు దింపి ఇంటికి వచ్చేశాం. పూజకు పెట్టిన పనిముట్టును ఆ రోజు ఎవరూ ముట్టరు కదా. రేవులో అందరిదీ అదే పద్ధతి. ఓడలు ఒడ్డునే ఉన్నాయి, పొగ మాత్రం వాటికి పండుగ లేనట్టు వస్తూనే ఉంది.

దండ వేసిన కేబుల్‌ను చూస్తే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎన్నడూ వాడని పనిముట్టుకు రెండోసారి పూజ చేశాను.

నువ్వు ఏం పూజ చేశావు? నాన్న స్క్రూడ్రైవర్లకు బొట్టు పెట్టావా?

అక్క

---

మాదాపూర్,
అక్టోబరు

అక్కా,

ఒట్టు తప్పాను. ముందే చెప్తున్నాను.

దసరా నాడు నాకు డ్యూటీ. సెల్లారులో జనరేటర్లకూ ప్యానెల్ బోర్డులకూ పసుపు కుంకుమలు పెట్టింది నేనే. సుబ్బరాయుడు గారు కొబ్బరికాయ కొట్టారు. చేతులు కడుక్కుని పైకి వచ్చేసరికి స్క్రీన్ మీద నువ్వు. "ఈ రోజు కూడా ప్రతి ఓడా ఒడ్డు కరెంటు మీదే." దసరా నాడు ప్లగ్గు ఎవరు ముడతారు అని అప్పుడే అనుమానం వచ్చింది. మీ దగ్గర పద్ధతి వేరేమో అని ఊరుకున్నాను. నీ ఉత్తరం వచ్చింది. స్విచ్చు దింపి ఇంటికి వచ్చామన్నావు. సాకెట్‌లో కరెంటు కూడా లేదు. వాళ్ళ దిక్కుమాలిన డెఫినిషన్ ప్రకారం చూసినా అది అబద్ధమే.

ప్రియదర్శినిని అడిగాను. మొహం ఎర్రబడింది. సిగ్నల్ రాని రోజు ముందురోజు లెక్కే వెయ్యమన్నారట. అంటే మీరు ఉన్నా లేకపోయినా ఒకటే. కాపలాకి కూడా మీరు అక్కర్లేదు.

కిందికి దిగాను. స్క్రీనుకు పోయే కరెంటు స్విచ్చు దింపి, నా ఎర్ర తాళం వేశాను. నా పేరూ ఫోటో ఉన్న అట్ట తగిలించాను. "ప్రమాదం. మనిషి పని చేస్తున్నాడు. స్విచ్ వేయరాదు." మా దగ్గర కూడా మీ పద్ధతే, ఎవరు వేసిన తాళం వాళ్ళే తియ్యాలి. ఇంకెవరూ తియ్యరాదు, ఎండీ వచ్చినా సరే. గోడ నల్లబడింది. నీ మొహం ఆ అబద్ధం మీద నుంచి దిగిపోయింది. ఎన్నాళ్ళకో ఊపిరి ఆడింది నాకు.

సుబ్బరాయుడు గారు పరిగెత్తుకొచ్చారు. "రాజేందర్ గారూ, ఆ తాళం తియ్యండి. ఫారిన్ అతిథులు వస్తున్నారండి. ఇక్కడ చూసి, ఆ తర్వాత రేవుకు వెళ్తారట."

"అట్ట చదివిన్రా సార్?"

"చదివానండి. అక్కడ పని చేస్తున్న మనిషెవరు?"

"నేనే."

"ఏం పని?"

"అబద్ధం రిపేరు."

ఆకాష్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. పై కంపెనీ వాళ్ళు దిగి వచ్చి ఇంగ్లీషులో అరిచారు. ఒకాయన, "కట్టర్ తెచ్చి కోసెయ్యండి" అన్నాడు. సుబ్బరాయుడు గారు అడ్డం నిలబడ్డారు. "కొయ్యనివ్వనండి. ఇవాళ ఈ తాళం కోస్తే రేపు మా వాళ్ళలో ఇంకొకడు తాళం నమ్మి లోపల చెయ్యి పెట్టడు" అన్నారు. ఆ ముసలాయన మీద మొదటిసారి గౌరవం కలిగింది.

నన్ను ఇంటికి పొమ్మన్నారు. తాళంచెవి నా జేబులో ఉంది. స్క్రీన్ చీకటిగా ఉంది. అతిథులు వచ్చే వారం వస్తారు. చూడనీ, నల్లటి గోడ చూడనీ. నాకు ఫికర్ లేదు.

రాజేందర్

---

రేవు కాలనీ,
అక్టోబరు

రాజేందర్,

ఈ ఉత్తరం అందిన గంటలోనే వెళ్ళి ఆ తాళం తీసెయ్యి. నీ ఉద్యోగం కోసం చెప్పడం లేదు. నా ఉద్యోగం కోసం కూడా కాదు.

నాన్న కరెంటు స్తంభం మీద ఉండగా కింద ఒకడు స్విచ్చు వేశాడు. ఎవరింట్లోనో ఫంక్షన్‌కు లైట్లు రావడం లేదని. అక్కడ తాళం లేదు, అట్ట లేదు, పైన మనిషి ఉన్నాడని చెప్పేది ఏదీ లేదు. నువ్వు ఒళ్ళో పిల్లాడివి. నేను దవాఖాన వరండాలో కూర్చుని ఉన్నాను. డాక్టరు బయటికి వచ్చి అమ్మతో చెయ్యి గురించి చెప్తుంటే విన్నాను. ఆ తాళం అంటే ఏమిటో మన ఇంట్లో కన్నా ఎవరికి బాగా తెలియాలి?

"మనిషి పని చేస్తున్నాడు" అని రాసి ఉంది దాని మీద. అక్కడ మనిషి లేడు. నీ కోపం ఉంది. వాళ్ళు స్క్రీన్ మీద లేని కరెంటును చూపించారు, నువ్వు అట్ట మీద లేని మనిషిని చూపించావు. వాళ్ళ అబద్ధానికీ నీదానికీ తేడా ఏమిటో నాకు చెప్పు. నీ అబద్ధాన్ని కాపాడటానికి ఆ పెద్దాయన అడ్డం నిలబడ్డాడు చూడు, అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

తిట్టవలసింది తిట్టు. కరపత్రం రాయి, ఆ గేటు ముందు నిలబడి అరుచుకో. నీ ఒట్టు నుంచి నిన్ను ఈ క్షణమే విడిచిపెట్టాను. నీ నోటికి వేసిన తాళం నేనే వేశాను, నేనే తీస్తున్నాను. ఆ ఎర్ర తాళాన్ని మాత్రం కోపానికి వాడకు.

ఇంకో సంగతి. మీ టవర్ నుంచి ఇక్కడికి ఫోన్లు వచ్చాయి. మా రేవు మేనేజరు మా నలుగురినీ నిలబెట్టి, "అక్కడి ఎలక్ట్రీషియన్‌కు ఇక్కడి సంగతులు ఎవరు చెప్పారు?" అన్నాడు. "నేనే చెప్పానండి. మా తమ్ముడు" అన్నాను. ఒడ్డు నుంచి తీసేసి స్టోర్సులో కూర్చోబెట్టారు. గ్లవ్స్ లెక్కపెడుతున్నాను.

అక్క

---

శేరిలింగంపల్లి, ఇంటి నుంచి,
అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం నాన్నకు వినిపించాను. ఆయన ఫ్యాను పక్కన పెట్టి లేచాడు. "నడువ్" అన్నాడు. బస్సెక్కి ఇద్దరం వెళ్ళాం.

సుబ్బరాయుడు గారి ముందు తాళం తీశాను. "సార్, అక్కడ మనిషి లేడు. మీరు లేని మనిషి కోసం నిలబడ్డరు" అన్నాను. ఆయన నాన్న ఖాళీ చొక్కా చేతిని చూశారు. నన్ను తీసేసిన కాగితం ఇచ్చారు. గుర్తింపు కార్డు తీసుకున్నారు. తాళం కూడా ఇవ్వబోతే నా చెయ్యి వెనక్కి తోసి, "ఇది మీ దగ్గర ఉండనివ్వండి. ఇకమీదట దేనికి వాడాలో మీకు తెలుసు" అన్నారు.

నా తప్పు ఒప్పుకున్నాను. కోపం మాత్రం తప్పని ఒప్పుకోను. నేను తాళం మీద ఒక అబద్ధం ఆడితే నువ్వు సిగ్గుతో చచ్చిపోతున్నావు. వాళ్ళు ఓడ ఓడకూ ఆడుతున్నారు, ఎవరికీ చెమట కూడా పట్టదు.

ఇప్పుడు అసలు సంగతి విను. స్క్రీన్ వెలిగించారు. అతిథులు అప్పటికే హాల్లోకి వచ్చి నిలబడ్డారు. చేతుల్లో పూలగుత్తులు, మెడలో శాలువాలు. సముద్రం వచ్చింది, ఓడ వచ్చింది, నవ్వుతూ నువ్వు వచ్చావు. నీ ఫోటో కింద "ఒడ్డు కరెంటు మీద ఉన్న ఓడలు" అని ఉంది. దాని పక్కన సున్నా.

అందరూ దాన్నే చూస్తున్నారు. ప్రియదర్శిని మెట్ల దగ్గర నిలబడి ఉంది, చేతులు కట్టుకుని. స్క్రీన్ చీకటిగా ఉన్న రోజుల్లో కూర్చుని లెక్కను మీటరుకు కలిపిందట. ఓడ తాగిన కరెంటు ఎంతో అంతే చూపిస్తుంది, ఊహలు లేవు. ఆ కంపెనీ పెద్దాయన పళ్ళు నూరుతూ, "హూ అప్రూవ్డ్ దిస్?" అన్నాడు. "డెఫినిషన్ సరిచేశాను సార్" అంది. ఆమె ఉద్యోగం ఉందో ఊడిందో తెలియదు.

అతిథుల్లో ఒకామె నీ ఫోటో చూపించి ఏదో అడిగింది. నాన్న అప్పటిదాకా కిష్టమ్మ పక్కన గోడకు ఆనుకుని ఉన్నవాడు ముందుకొచ్చి, "అది నా బిడ్డ" అన్నాడు. "దానికి పని వస్తది. వీళ్ళు పని ఇస్తలేరు." ఆమెకు ఎవరో ఇంగ్లీషులో చెప్పారు. ఎంత చెప్పారో, ఎంత మింగారో తెలియదు. వాళ్ళు మీ దగ్గరికి బయల్దేరారు.

నేను గేటు ముందు కరపత్రం పంచుతున్నాను. ఆకాష్ నన్ను తరమాలి, వాడి డ్యూటీ అది. పది అడుగులు తరిమి, నాలుగు కాగితాలు అడిగి తీసుకుని వెనక్కి పోతాడు.

రాజేందర్

---

రేవు కాలనీ,
అక్టోబరు ఆఖరు

రాజూ,

నిన్న పొద్దున స్టోర్సులో ఉండగా మేనేజరు తనే వచ్చాడు. అతిథులు మధ్యాహ్నం దిగుతున్నారు, ఒక ఓడకైనా ప్లగ్గు పెట్టి చూపించాలి. నలుగురు లేనిదే కేబుల్ ఎత్తకూడదని మా పనికి నియమం. ముగ్గురితో కానివ్వమంటే పుణ్యవతమ్మ కుర్చీలోంచి లేవలేదట. "మమత గ్లవ్స్ లెక్క పూర్తి చెయ్యనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారట. నేను వెళ్ళేసరికి నా హెల్మెట్ తుడిచి ఆమె ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు.

సాకెట్టు ఉన్న ఓడ ఒకటి ఒడ్డున ఉంది. దాని చీఫ్ ఇంజనీరు కేరళాయన, నెరిసిన గడ్డం. ఆయన్ని ఒప్పించడానికి మేనేజరు ఏవేవో చెప్తుంటే ఆయన వినకుండా నన్ను అడిగాడు, "మధ్యలో ఆగిపోదు కదా?" అని. "నేను ఉన్నంతసేపు ఆగదు" అన్నాను.

కేబుల్ ఎత్తాం. ప్లగ్గు మూతి మీద దసరా బొట్టు ఇంకా ఉంది. తోశాను, తిప్పాను, పట్టుకుంది. తాళం వేశాను. ఆయన లోపల జనరేటర్లు ఆపించాడు.

అడిగావు కదా, ఎట్లుంటుందని. చెప్తాను. చప్పుడు ఆగిపోయింది. ఇక్కడికి వచ్చిన నాటి నుంచి వింటూ, వింటూ, అది ఉన్నట్టే మరిచిపోయిన చప్పుడు. అది పోయాక తాడు నీళ్ళను కొట్టడం వినిపించింది. గోదాం కప్పు మీద కాకులు వినిపించాయి. పుణ్యవతమ్మ ఊపిరి వినిపించింది, ఆమెకు కొంచెం పిల్లికూతలున్నాయి. పొగగొట్టం మీద గాలి మామూలు గాలిలా కదిలింది. అతిథులు చప్పట్లు కొట్టారు. నాకు ఆ చప్పట్లు ఎందుకో అల్లరిగా అనిపించాయి.

వాళ్ళు కార్లెక్కి పోగానే మేనేజరు వచ్చాడు. "అయిపోయిందమ్మా, ఫోటోలు వచ్చాయి. తీసెయ్యండి. ఈ కరెంటుకు ఓడవాళ్ళు కడతారా, మనం కడతామా, ఇంకా తేలలేదు."

అప్పటికే ఓడలో సంగతి నాకు తెలుసు. కేరళాయన వంగి కేకేసి చెప్పాడు. వాళ్ళ జనరేటర్లలో ఒకటి పాడై చాలా రోజులైందట. మిగిలిన దాని మీదే నడుస్తోంది కాబట్టి దేన్నీ విప్పి చూసే వీలు లేదట. చప్పుడు ఆగగానే, ఒడ్డు కరెంటు నమ్ముకుని, రెండూ విప్పేశారు. నలుగురు కుర్రాళ్ళు లోపల చేతులు పెట్టి ఉన్నారు.

"తియ్యలేనండి" అన్నాను.

"అంటే?"

"లోపల మనుషులు పని చేస్తున్నారండి. ఇప్పుడు తీస్తే ఓడంతా చీకటి. వాళ్ళు చేతులు బయటికి తీసి, సరేనని వాళ్ళ చీఫ్ వచ్చి చెప్తే తీస్తాను. ఈ తాళం నాది."

అరిచాడు. స్టోర్సుకు పంపుతానన్నాడు, ఇంటికి పంపుతానన్నాడు. "పంపండి. తాళం తీశాకే వెళ్తాను" అన్నాను. నాకు కోపం రాలేదు రాజూ. రావలసిన అవసరం కలగలేదు.

ఇవాళ కూడా విప్పిన సామాను డెక్కు మీద పరిచి ఉంది. ఓడ వెళ్ళే వేళకు గానీ పూర్తి కాదట. మీ స్క్రీన్ మీద ఇప్పుడు సున్నా ఉండదు, ఒకటి ఉంటుంది. కిష్టమ్మను చూసి రమ్మను. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. పెట్టెకు మూత వేస్తారేమో, నన్ను తీసేస్తారేమో. నీ కరపత్రాలు ఒక కట్ట పంపు. పుణ్యవతమ్మ కాలనీలో పంచుతానన్నారు. తిట్లు కొంచెం తగ్గించి అచ్చు వెయ్యి.

నేను ఒడ్డున పెట్టె పక్కన కూర్చుని రాస్తున్నాను. బావ బుజ్జిని తీసుకొచ్చాడు, అన్నం డబ్బాతో. ఓడ మీద కుర్రాడొకడు రెయిలింగుకు తాడు కట్టి ఉతికిన బట్టలు ఆరేస్తున్నాడు. తెల్ల చొక్కాలు. రేవులో బయట తెల్లబట్టలు ఆరేసినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

నాన్నకు చెప్పు, తాళంచెవి నా నడుముకే ఉంది. ఎవరడిగినా ఇవ్వలేదు.

అక్క